నేలపై నిలిచి విమానము నడుపు విద్య

2025 ఏప్రిల్ 13న కర్నూలు జిల్లాలోని రక్షణ పరిశోధన సంస్థవారి పరీక్షాక్షేత్రములో లేజరు కిరణముతో ఒక మానవరహిత విమానమును కూల్చిరి. ఇట్టి విమానములు నేడు వింత కావు. కాని నేలపై నిలిచి, ఆకాశమందలి యంత్రమును నడుపుట మానవుడు ఎట్లు నేర్చెను?

1898లో నికోలా టెస్లా న్యూయార్కులో రేడియో తరంగములతో ఒక చిన్న పడవను నడిపి చూపెను. 1935లో ఇంగ్లండులో 'క్వీన్ బీ' అను విమానము పైలటు లేకయే ఎగిరి, ఫిరంగి దళములకు గురిగా ఉపయోగపడెను. 1937లో అమెరికాలో వాల్టరు గుడ్, విలియం గుడ్ అను సోదరులు 'గఫ్' అను నమూనా విమానమును రేడియోతో నడిపిరి.

తొలినాటి పరికరములు పెక్కింటికి ఒకే మీట ఉండెడిది. ఒకసారి నొక్కిన చుక్కాని కుడికి, మరల నొక్కిన ఎడమకు తిరుగును. లెక్క తప్పెనా, నెలల శ్రమ నేలపాలు! 1960 దశకములో మీట ఎంత కదిపిన చుక్కాని అంతే కదలు పరికరములు వాడుకలోకి వచ్చెను.

అయినను ఒక చిక్కు మిగిలినది. విమానము మననుండి దూరముగా పోవునపుడు దాని కుడి మన కుడియే. మనవైపు వచ్చునపుడు దాని కుడి మనకు ఎడమ యగును. క్రొత్తవారు ఎక్కువగా పొరబడునది ఇచ్చటనే. దీనికై అభ్యాసములు ఏర్పడినవి. మొదట తగినంత ఎత్తున దీర్ఘచతురస్రాకారముగా త్రిప్పవలెను. పిమ్మట '8' అంకెను గీయవలెను. ఇందు రెండువైపుల మలుపులును అలవడును. ఎదురుగా వచ్చునపుడు ఏ రెక్క క్రుంగునో, మీటను ఆ వైపునకే త్రిప్పవలెను. తుదకు నేలను తాకకయే పలుమార్లు దిగివచ్చి, మరల పైకి లేపవలెను. నైరుతి గాలులు బలముగా వీచు రాయలసీమలో గాలికి ఎదురుగా దిగుట ముఖ్యము.

ఇందు ఇతరుల ప్రాణరక్షణయు ఇమిడి యున్నది. 2021 ఆగస్టులో వెలువడిన డ్రోను నిబంధనల ప్రకారము విమానాశ్రయపు సరిహద్దుకు 8 కిలోమీటర్ల లోపల అనుమతి లేక ఎగురవేయరాదు. ఓర్వకల్లు, కడప విమానాశ్రయముల చుట్టుపట్ల నుండు విద్యార్థులు దీనిని మరువరాదు.

విమానము లేని పాఠశాలలోను ఈ విద్యకు తొలిమెట్టు కలదు. ఒక విద్యార్థి అట్టవిమానము చేతబట్టి మైదానములో నడువవలెను. వేరొకడు దూరమున నిలిచి 'కుడి', 'ఎడమ' అని ఆజ్ఞ లీయవలెను. విమానము ఎదురు తిరిగినపుడు ఆజ్ఞ తడబడును. ఆ తడబాటు పోవువరకు చేయుటయే అభ్యాసము; దీనికి కానీ ఖర్చు లేదు.