గీత దాటిన బూడిద

1954వ సంవత్సరము మార్చి 1వ తేదీ తెల్లవారుజామున పసిఫిక్ మహాసముద్రములో వేటకు వెళ్లిన జపాను జాలరులకు పడమటి దిక్కున పెద్ద వెలుగు కనబడెను. కొన్ని నిమిషములకు ఉరుమువంటి ధ్వని వినవచ్చెను. రెండు మూడు గంటలు గడచిన పిదప తెల్లని బూడిద రాలసాగి, వారి తలలపైనను, వలలపైనను, పట్టిన చేపలపైనను పేరుకొనెను.

ఆ పడవ పేరు 'దైగో ఫుకుర్యూ మారు'. అందున్నవారు 23 మంది. ఆనాడు మార్షల్ దీవులలోని బికినీవద్ద అమెరికా హైడ్రొజన్ బాంబును పరీక్షించినది. దాని శక్తి 15 మెగాటన్నులు. శాస్త్రజ్ఞుల అంచనాకు ఇది రెట్టింపునకు మించినది. హిరోషిమా బాంబుకు దాదాపు వెయ్యిరెట్లు. ప్రేలుడునకు పగడపునేల పొడియై, రేడియోధార్మికమై, మింటికెగసి గాలివెంట పోయెను. అమెరికా ముందుగానే ప్రమాదప్రాంతమును ప్రకటించి పటముపై గీత గీసియుండెను. జాలరుల పడవ ఆ గీతకు వెలుపలనే యున్నది.

రోంగెలాప్ దీవివాసులమీదను ఆ బూడిద పడినది. వారిని ముందుగా తరలింపలేదు. రెండు దినముల పిదప తరలించిరి. చర్మము కాలినది, వెంట్రుకలు ఊడినవి. నాటి పిల్లలలో పలువురికి తరువాతి కాలమున కంఠగ్రంథిలో గడ్డలు పుట్టినవి. 1957లో తిరిగివచ్చిన ఆ జనులు 1985లో తమ దీవిని మరల విడిచిపోయిరి.

పడవ మార్చి 14న యైజు రేవు చేరినది. అందలి వైర్‌లెస్ ఉద్యోగి కుబొయామా ఐకిచి సెప్టెంబరు 23న ఆసుపత్రిలో మరణించెను. వయస్సు 40 సంవత్సరములు. రేడియో వృత్తిలోనున్న మాకు ఈయన మరింత దగ్గరివాడుగా తోచును. రక్తమార్పిడివలన వచ్చిన కాలేయవ్యాధియే కారణమని కొందరు వాదించిరి. ఆ బూడిదయే పడకున్న ఆయనకు రక్తమెక్కించు పనియే లేకపోయెడిది గదా!

ఈ వార్త లోకమును కదలించినది. అదే సంవత్సరము ఏప్రిల్ 2న ప్రధాని నెహ్రూ లోక్‌సభలో ఒక సూచన చేసెను: ఆయుధములను నిర్మూలించు ఒప్పందము కుదురువరకు కనీసము పరీక్షలనైనను ఆపవలెను. టోకియోలోని సుగినామి గృహిణులు ముందునిలిచి నడిపిన సంతకముల ఉద్యమము జపానంతట వ్యాపించి, 1955 ఆగస్టు నాటికి మూడుకోట్ల సంతకములను దాటినది.

తుదకు 1963 ఆగస్టు 5న మాస్కోలో అమెరికా, సోవియట్ యూనియన్, బ్రిటన్ ఒడంబడిక చేసికొన్నవి. గాలిలో, నీటిలో, అంతరిక్షములో పరీక్షలు నిషిద్ధములైనవి. భూగర్భపరీక్షలకు మాత్రము నిషేధము లేదు. బూడిద కంటబడుట తగ్గినది గాని బాంబుల నిర్మాణము ఆగలేదు. మన దేశము 1974లోను, 1998లోను జరిపిన పరీక్షలును భూగర్భములోనివే. అన్నిటిని నిషేధించు 1996 నాటి ఒడంబడికపై మనము సంతకము చేయలేదు. అది నేటికిని అమలులోనికి రాలేదు.

మాకు తోచునది ఇది: రాజ్యములను ఆ మొదటి ఒడంబడికవైపు నడిపించిన కారణములలో, పాలలోను చేపలలోను విషము చేరునేమోయను ఇల్లాండ్ర భయము చిన్నది కాదు. పరీక్షలు భూమిలోనికి పోయిన పిమ్మట ఆ భయము సన్నగిల్లినది, దానితో అడుగువారును తగ్గిరి. నాటి పడవను టోకియోలో 1976 నుండి ప్రదర్శనశాలలో భద్రపరచియున్నారు. మిగిలిన సగము పని ఎప్పుడు ముగియునని అడుగవలసినవారు నేటికిని సామాన్య గృహస్థులే.