జఠరాగ్నికి లొంగని జీవి

కడుపులోకి వెళ్లిన తిండి ఎందుకు కుళ్లిపోదు? ఇటలీలోని పావియా విశ్వవిద్యాలయంలో పాఠాలు చెప్పిన లాజారో స్పలాంజానీ 18వ శతాబ్దం చివర్లో ఈ ప్రశ్నకు జవాబు వెతికాడు. మాంసం కూరిన చిన్న సంచుల్ని తానే మింగి చూశాడు. జఠరరసంలో వేసిన మాంసం కరిగిపోతుందే తప్ప కుళ్లడం లేదని గమనించి రాశాడు. ఒంట్లో ఊరే రసానికి క్రిములను అణచే గుణం ఉందన్న ఆలోచనకు మూలం అక్కడే ఉంది. అయితే కుళ్లడం సూక్ష్మజీవుల పనేనని గట్టిగా తేలడానికి ఇంకా చాలాకాలం పట్టింది.

ఆ రసంలో ఉన్నది హైడ్రోక్లోరిక్ ఆమ్లమని 1824లో లండన్ వైద్యుడు విలియం ప్రౌట్ తేల్చాడు. అంతకు రెండేళ్ల ముందు అమెరికాలోని మాకినా దీవిలో తుపాకీ పేలి అలెక్సిస్ సెయింట్ మార్టిన్ అనే యువకుడి కడుపుకు రంధ్రం పడింది. గాయం మానినా రంధ్రం పూడలేదు. సైనిక వైద్యుడు విలియం బోమాంట్ ఆ దారిగుండా ఏళ్ల తరబడి జఠరరసం తీసి పరీక్షించి 1833లో పుస్తకం అచ్చువేశాడు. పేదవాడైన ఆ యువకుడి ఒంటిమీద జరిగిన ఆ ప్రయోగాలను ఈనాడు చదువుతుంటే మనసు కలుక్కుమంటుంది. జీర్ణక్రియ గురించిన ఆధునిక జ్ఞానానికి పునాది పడింది మాత్రం అక్కడే.

ఆ పునాది మీదే ఒక మూఢనమ్మకం కూడా లేచింది. ఇంత ఘాటైన ఆమ్లంలో ఏ సూక్ష్మజీవీ బతకదు, కాబట్టి కడుపు క్రిమిరహితమైన చోటు అన్నది ఆ నమ్మకం. మొదటి సగంలో నిజం లేకపోలేదు. మింగిన క్రిముల్లో అత్యధిక భాగాన్ని ఆమ్లం చంపేస్తుంది. తప్పంతా రెండో సగంలో ఉంది. కళ్లెదుట సాక్ష్యాలు కనబడుతున్నా వైద్యులు దాన్ని వదల్లేదు.

1893లో ట్యూరిన్ శాస్త్రవేత్త జూలియో బిజోజెరో కుక్కల కడుపులో మెలికలు తిరిగిన బాక్టీరియాను చూశాడు. అవి జఠర గ్రంథుల్లోనే, ఆమ్లాన్ని ఊరించే కణాల దగ్గరే కాపురం ఉన్నాయి. మూడేళ్ల తర్వాత హ్యూగో సాలమన్ వాటిని ఎలుకల కడుపుల్లోకి ఎక్కించగలిగాడు. 1924లో ముర్రే లక్, టి.ఎన్. సేథ్ జంటగా కడుపు పొరలో యూరియేజ్ అనే ఎంజైము ఉందని చూపారు. యూరియాను విరగ్గొట్టి అమ్మోనియా తయారుచేయడం దాని పని. అమ్మోనియా క్షారం, ఆమ్లానికి విరుగుడు. డబ్లిన్‌లో ఫిట్జ్‌జెరాల్డ్ అనే వైద్యుడు దాన్ని మన కణాలే తయారుచేసుకునే రక్షణ ఎంజైముగా భావించి, 1950 ప్రాంతంలో అల్సర్ రోగులకు యూరియా ఇచ్చి చూశాడు. శత్రువు కవచాన్ని మనదనుకోవడం ఈ చరిత్రలో నన్ను అన్నిటికన్నా ఆలోచింపజేసే ఘట్టం. 1950ల చివర్లో బెల్జియంకు చెందిన లీబర్, లెఫెవ్ర్ రోగులకు టెట్రాసైక్లిన్ ఇస్తే కడుపులో అమ్మోనియా మాయమైందని చూపారు. అంటే దాన్ని తయారుచేస్తున్నది బాక్టీరియా. జవాబు చేతికి అందింది, కానీ దాన్ని పట్టుకున్నవారు లేరు. అప్పటికే 1954లో అమెరికా వైద్యుడు ఎడ్డీ పామర్ వెయ్యికి పైగా కడుపు ముక్కలను పరీక్షించి, ఇక్కడ బాక్టీరియా స్థిరంగా ఉండవని ప్రకటించాడు. ఆ మాట పాతికేళ్లు శాసనమైంది. గ్రీసులోని మెసొలాంగిలో జాన్ లికుడిస్ అనే వైద్యుడు 1958 నుంచి అల్సర్లను యాంటీబయాటిక్‌లతో నయం చేస్తుంటే, అధికారులు అతని మీద జరిమానా వేశారు.

తర్వాతి కథ చాలామందికి తెలిసిందే. ఆస్ట్రేలియాలోని పెర్త్‌లో రాబిన్ వారెన్ 1979లో కడుపు ముక్కల్లో ఈ మెలికల బాక్టీరియాను మళ్లీ గుర్తించాడు. 1981లో బ్యారీ మార్షల్ జతకలిశాడు. రెండు రోజులకే పారేస్తూ వచ్చిన కల్చర్ పళ్లాలు 1982 ఈస్టర్ సెలవుల్లో ఎక్కువ రోజులు ఉండిపోవడంతో బాక్టీరియా పెరిగి కనిపించాయి. 1984లో మార్షల్ ఆ కల్చర్‌ను తానే తాగి కడుపువాపు తెచ్చుకున్నాడు. 1989లో హెలికోబాక్టర్ పైలోరీ అని పేరు స్థిరపడింది. 1994లో అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ దీన్ని మనుషుల్లో క్యాన్సర్ కలిగించే కారకాల మొదటి వర్గంలో చేర్చింది. 2005లో ఇద్దరికీ నోబెల్ వచ్చింది.

నోబెల్‌తో కథ పూర్తయినట్టు చాలామంది రాస్తారు. నా దృష్టిలో అసలు ఆసక్తికరమైన భాగం మరో పాయలో నడుస్తూ వచ్చింది. ఆమ్లాన్ని దాటుకుని పొర దాకా చేరిన క్రిమికి అక్కడ మరో ఎదురుదాడి తప్పదు. కణాలు తమంతట తాము యాంటీబయాటిక్‌లు తయారుచేసుకుంటాయి. ఈ సంగతి తెలియడానికి కడుపు పరిశోధకులతో సంబంధం లేని మనుషులు కారణమయ్యారు.

1922లో అలెగ్జాండర్ ఫ్లెమింగ్ ముక్కు చీమిడిలో లైసోజైమ్‌ను కనుగొన్నాడు. పెన్సిలిన్ కంటే ముందే అతను చూసిన క్రిమినాశిని ఇది. 1979లో మన హైదరాబాద్ నుంచి ఇ.ఎస్.పి. రెడ్డి, పి.ఎం. భార్గవ ఎద్దు వీర్యద్రవంలో బాక్టీరియాను చంపే ప్రొటీన్ ఉందని నేచర్ పత్రికలో ప్రకటించారు. దాని పేరు సెమినల్‌ప్లాస్మిన్. ఆ తర్వాత హైదరాబాద్‌లోని సీసీఎంబీలో ఆర్. నాగరాజ్ బృందం ఇలాంటి చిన్న ప్రొటీన్ల, అంటే పెప్టైడ్ల, నిర్మాణాన్ని, మనిషిలోని డిఫెన్సిన్‌లనే పెప్టైడ్ల పనితీరును దశాబ్దాల పాటు శోధించింది. ఈ పెప్టైడ్ల గురించిన ప్రపంచ చరిత్రలు తరచూ 1980లలో స్వీడన్ శాస్త్రవేత్త హాన్స్ బొమాన్ చిమ్మట రక్తరసంలో కనుగొన్న సెక్రోపిన్‌లతో మొదలవుతాయి. హైదరాబాద్ పనికి అక్కడ దక్కాల్సిన చోటు దక్కలేదని నా అభిప్రాయం. 1985లో మనిషి తెల్లరక్తకణాల్లో డిఫెన్సిన్‌లు, 1987లో మైకేల్ జాస్లాఫ్ చేతిలో ఆఫ్రికా కప్ప చర్మంలోని మాగైనిన్‌లు, 1995లో మనిషిలో ఎల్ఎల్-37 అనే పెప్టైడ్, 1997లో సొరియాసిస్ పొట్టులోంచి జర్మనీలోని కీల్ బృందం తీసిన బీటా డిఫెన్సిన్-2 వరుసగా బయటపడ్డాయి.

వీటి పనితీరు సూత్రం సులువే. బాక్టీరియా పైపొరకు రుణావేశం ఎక్కువ, ఈ పెప్టైడ్లలో చాలావాటికి ధనావేశం. అవి వెళ్లి అతుక్కుని పొరను చిల్లులు పొడుస్తాయి. మన కణాల పైపొరకు అంత రుణావేశం ఉండదు కాబట్టి వాటికి ముప్పు తక్కువ.

రెండు పాయలూ 1990ల చివర్లో కలిశాయి. హెలికోబాక్టర్ తగిలిన కడుపు కణాలు బీటా డిఫెన్సిన్-2ను ఎక్కువగా ఊరిస్తాయని జపాన్ బృందాలు చూపాయి. 2003లో ఎల్ఎల్-37 విషయంలోనూ అదే తేలింది. పైగా ప్రయోగశాలలో అది ఆ బాక్టీరియాను చంపుతుంది కూడా. అయినా ఆ జీవి మనిషి కడుపులో చిన్ననాడు చేరి, మందు పడకపోతే బతికినంతకాలం ఉండిపోతుంది. ఇంత ఆయుధం ఉండీ ఒళ్లు ఎందుకు ఓడుతోంది?

మొదటి జవాబు, అది ఆమ్లాన్ని ఎదిరించదు, తన చుట్టూ అంతమేరకు చల్లార్చుకుంటుంది. యూరియాను లోపలికి తీసుకునే దాని ద్వారం చుట్టూ ఆమ్లం పెరిగినప్పుడే తెరుచుకుంటుంది. అమ్మోనియా చుట్టూ ఉన్న జిగురును పలచబరుస్తుంది, ఆ జిగురులోంచి ఈదుకుంటూ అది పొర దగ్గరికి చేరుతుంది. అక్కడి వాతావరణం ఆమ్లం, క్షారం కాకుండా దాదాపు తటస్థంగా ఉంటుంది.

రెండో జవాబు టెక్సస్ విశ్వవిద్యాలయంలో స్టీఫెన్ ట్రెంట్ బృందం 2011లో ప్రచురించింది. హెలికోబాక్టర్ తన పైపొరలోని లిపిడ్ ఎ అనే కొవ్వు అణువు నుంచి ఫాస్ఫేట్లను రెండు ఎంజైములతో కత్తిరించి పారేస్తుంది. రుణావేశం పోతే పెప్టైడ్లకు అతుక్కునే చోటు దొరకదు. మన కాపలా గ్రాహకాలు కూడా దాన్ని సరిగా గుర్తించలేవు. ఒకే మార్పు రెండు ముప్పుల్ని తప్పిస్తోంది. ఈ కత్తిరింపు ఎంజైములు రెండూ తీసేసిన బాక్టీరియా ఎలుకల కడుపులో నిలదొక్కుకోలేకపోయాయి.

మూడోది ఇంకా లోతైనది. 2012లో బెర్లిన్‌లోని మాక్స్ ప్లాంక్ సంస్థ పరిశోధకులు బీటా డిఫెన్సిన్-3ని గమనించారు. క్రిమి సోకిన మొదట్లో కణం దాన్ని తయారుచేస్తుంది, ఇది హెలికోబాక్టర్‌కు గట్టి దెబ్బ. కొంతసేపటికి బాక్టీరియా క్యాగ్ఎ అనే ప్రొటీన్‌ను కణంలోకి ఎక్కిస్తుంది. అది లోపల సంకేతాన్ని ఆపేస్తుంది, డిఫెన్సిన్ తయారీ నిలిచిపోతుంది. క్యాన్సర్ ముప్పుతో ముడిపెట్టిన ప్రొటీన్‌కే ఈ పని కూడా ఉందని తెలిశాక, దాన్ని కేవలం విషంగా చూడటం సరికాదని నాకనిపిస్తుంది.

బొమాన్‌కు జీవితం చివరి దశలో ఒక వింత ఎదురైంది. చిమ్మటలో సెక్రోపిన్‌లు కనిపెట్టిన అతనే 1999లో కాట్రిన్ పూట్సెప్, స్టాఫన్ నార్మార్క్‌లతో కలిసి, హెలికోబాక్టర్ రైబోసోమ్ ప్రొటీన్ ఒకదాని మొదటి ముక్క సెక్రోపిన్‌ను పోలి ఉంటుందని, అది ఇతర బాక్టీరియాను చంపుతుందని చూపాడు. హెలికోబాక్టర్‌కు మాత్రం దానివల్ల హాని లేదు. మనం దాని మీద వాడే ఆయుధంలాంటిదే దాని చేతిలోనూ ఉంది.

అయినా ఒళ్లు పూర్తిగా ఓడలేదు. గ్రంథుల అడుగుభాగంలో ఊరే శ్లేష్మంలోని ఒక చక్కెర, బాక్టీరియా మన కొలెస్టరాల్‌ను తెచ్చుకుని తన పొరలోకి మలచుకునే పనిని అడ్డుకుంటుందని 2004లో జపాన్ షిన్షూ విశ్వవిద్యాలయానికి చెందిన కవాకుబో, నకయామా సైన్స్ పత్రికలో చూపారు. పైపొరలో గుంపులుగా ఉండే క్రిములు ఆ అడుగు గదుల్లో అరుదుగా కనబడటానికి ఇదొక కారణం. 2014లో వాండర్‌బిల్ట్ పరిశోధకులు మరో సంగతి తేల్చారు. తెల్లరక్తకణాలు విడిచే కాల్‌ప్రొటెక్టిన్ చుట్టూ ఉన్న జింక్‌ను లాక్కుంటే బాక్టీరియా పెరుగుదల తగ్గుతుంది, క్యాగ్ఎను కణాల్లోకి ఎక్కించే యంత్రాంగం కూడా మందగిస్తుంది.

ఇప్పుడు హెలికోబాక్టర్ వల్ల అల్సర్ వచ్చినవారికి రెండు మూడు యాంటీబయాటిక్‌లు, ఆమ్లం తగ్గించే మాత్ర కలిపి రెండు వారాలు ఇస్తున్నారు. క్లారిథ్రోమైసిన్‌కు లొంగని హెలికోబాక్టర్‌ను ప్రపంచ ఆరోగ్య సంస్థ 2017లో కొత్త మందులు తక్షణం కావాల్సిన క్రిముల జాబితాలో చేర్చింది. కొత్త యాంటీబయాటిక్ వెతకడంతోపాటు మరో దారి ఉందని ఈ చరిత్ర చదివిన నాకు అనిపిస్తోంది. ఫాస్ఫేట్ కత్తిరించే ఆ రెండు ఎంజైములను ఆపే మందు దొరికితే చాలు. కడుపు కణాల్లో అప్పటికే ఊరుతున్న పెప్టైడ్లకు పని చేసే అవకాశం వస్తుంది, ప్రతిఘటన పెంచుకున్న క్రిమి మీద కూడా.