కలివికోడి చరిత్రలో మనోళ్ళ పేరేదీ?



ఉదయగిరి, ఆత్మకూరు పక్క పుట్టిన మనకి కంపచెట్లంటే లెక్కలేదు. అలాంటి కంపల్లోనే, పెన్నా, గోదావరి లోయల్లో తప్ప ప్రపంచంలో ఇంకెక్కడా కనపడని పిట్ట ఒకటి ఉంది. పేరు కలివికోడి.

1848లో ఇది శాస్త్రానికి తెలిసింది జెర్డాన్ వల్ల. ఆయన నెల్లూరులో పనిచేసిన తెల్లదొరల డాక్టరు. నెల్లూరు ఎగువ కొండల్లో, కడపలో ఈ పిట్ట ఉందని రాశాడు. ఆయన పుస్తకంలో పిట్టల తెలుగు పేర్లు కూడా ఉన్నాయి. అవి ఎవరు చెప్పుంటారు? అడివి తెలిసిన మనలాంటోళ్ళే గదా!

1900 తర్వాత అది ఎవరికీ కనపడలా. అంతరించిపోయిందనుకున్నారు. 1986 జనవరిలో సిద్ధవటం దగ్గర ఐతన్న అనే స్థానిక వేటగాడు రాత్రిపూట దాన్ని పట్టుకున్నాడు. బొంబాయి నేచురల్ హిస్టరీ సొసైటీ వెతుకుతున్న పిట్ట అదే.

పగలు పొదల్లో దాక్కుంటుంది, రాత్రి తిరిగి పురుగులు తింటుంది. ఎగిరేదానికన్నా పరిగెత్తేది ఎక్కువ. అందుకే పొదల మధ్య ఖాళీ నేల కావాలి. కంప మొత్తం కొట్టేసినా, మరీ చిక్కబడినా బతకలేదు. 2005లో తెలుగుగంగ కాలవ తవ్వకాల్లో దాని చోటు కొంత పోయింది. మన సోమశిల కూడా ఆ ప్రాజెక్టులోదే. ఇప్పుడు ఆ పిట్ట కనపడడమే గగనం.

మా ఇంట్లో కాలేజీ మెట్టెక్కింది నేనే మొదట. సెలవుల్లో మా అవ్వనడిగి పిట్టల పేర్లు రాసుకుంటన్నా, పక్కన అవ్వ పేరు కూడా. మీరూ రాయండి. ఈసారి చెప్పినోళ్ళ పేరు పోకూడదు.