పెట్రోలు టాంకులోని గాలి

సన్నని మెడగల సీసాలో గరాటు పెట్టి కిరసనాయిలు పోసిన ప్రతివారికి ఒక సంగతి తెలియును. గరాటు సీసామూతికి బిగిసికొన్నచో నూనె దిగదు. దానిని కొంచెము పైకెత్తగానే బుడబుడమని గాలి వెలువడి నూనె చకచక దిగును. సీసా ఖాళీగా నున్నదని మనమందుము గాని, అది గాలితో నిండియే యున్నది. పాత మోటారు బండ్లలో పెట్రోలు పోయునపుడు వచ్చు చిక్కులు పెక్కు ఈ గరాటు చిక్కులే.

1908లో అమెరికాలో వెలువడిన ఫోర్డు 'మోడల్ టి' కారులో టాంకు సీటు క్రింద నుండెడిది. పంపు లేదు, పెట్రోలు తన బరువుచేతనే కార్బ్యురేటరునకు దిగెడిది. టాంకులో పెట్రోలు తక్కువైనపుడు నిటారైన మిట్ట ఎక్కవలసివచ్చిన, కొందరు బండిని త్రిప్పి రివర్సులో ఎక్కించుచుండిరి! ఆ టాంకు మూతలో ఒక సన్నని రంధ్రము ఉండెడిది. పెట్రోలు దిగినకొలది గాలి దాని గుండా లోనికి పోవలెను. దుమ్ముతో అది పూడినచో లోపల పీడనము తగ్గి, ప్రవాహము నిలిచిపోవును.

తరువాతి కాలమున తనంతట తానే ఆగెడి పంపు నాజిలు వచ్చినది. దాని కొనయందు ఒక చిన్న రంధ్రము, అందుండి పిడిలోనికి ఒక సన్నని గొట్టము ఉండును. ద్రవము ఇరుకు మార్గమున వేగముగా పోవునపుడు అచ్చట పీడనము తగ్గును. వేగమునకును పీడనమునకును గల ఈ సంబంధమును డేనియల్ బెర్నూలీ 1738లో వివరించెను. ఇరుకు గొట్టములలోని ప్రవాహమును గూర్చి ఇటలీ దేశీయుడగు వెంటూరి 1797లో ప్రకటించెను. నాజిలులో ఈ అల్పపీడనము కొనయందలి రంధ్రము గుండా గాలిని పీల్చుచుండును. పెట్రోలు పైకివచ్చి ఆ రంధ్రమును మూసినంతనే పిడిలో పీడనము మరింత తగ్గి, పలుచని పొర యొకటి కదలి, మీట 'టక్కు'మని విడిపోవును. టాంకు నిండినదో లేదో నాజిలునకు తెలియదు. తన కొన తడిసినదా లేదా అనునంతయే దానికి తెలియును.

1967 నుండి 1972 వరకు వచ్చిన షెవర్లే పికప్ ట్రక్కులలో టాంకు డ్రైవరు గదిలోనే, సీటు వెనుక నుండెను. మనుష్యుల వీపు వెనుక పెట్రోలు! 1973 నమూనా నుండి టాంకును ఛాసిస్ పక్కకు మార్చిరి. పక్కనుండి వేరొక బండి ఢీకొన్న నిప్పంటుకొనునని దానిపైనను తరువాత పెద్ద వివాదము చెలరేగినది. మన విషయమునకు వచ్చినచో, ఇట్టి బండ్లలో పోయు మూతికిని టాంకునకును నడుమ రెండు రబ్బరు గొట్టము లుండును. లావుది పెట్రోలు దిగుటకు, సన్ననిది గాలి వెలువడుటకు.

సన్ననిది మూసికొన్నచో గాలి లావు గొట్టము గుండానే ఎదురువచ్చును. నురుగు పొంగి నాజిలు కొనను తడుపును. టాంకు సగమైనను నిండకుండ నాజిలు మాటిమాటికి ఆగును. అంతమాత్రమున టాంకు మార్చనక్కరలేదు. మొదట వేరొక పంపులో పోయించి చూడవలెను. అచ్చట సరిగా దిగినచో దోషము మొదటి నాజిలుది. మెల్లగా పోసినపుడు దిగి, వేగముగా పోసినపుడు ఆగినచో గాలి గొట్టమును అనుమానింపవచ్చును. పాత రబ్బరు పైకి బాగుగనే కనబడుచు లోపల ఉబ్బి మూసికొనును. ఒక్కొక్కప్పుడు గొట్టము నడుమ వ్రేలాడి, ఆ వంపులో నిలిచిన పెట్రోలే గాలికి అడ్డుపడును. క్రొత్తది వేయునపుడు పెట్రోలుకు తగిన రబ్బరునే వాడవలెను. నీళ్ల గొట్టము పెట్రోలులో మెత్తబడి చెడిపోవును.

అమెరికాలో 1971 నమూనా కార్ల నుండి పెట్రోలు ఆవిరిని బయటికి విడువక బొగ్గు డబ్బాలో పట్టియుంచు ఏర్పాటు దేశమంతట తప్పనిసరియైనది. పికప్పులకును అది త్వరలోనే వచ్చినది. నాజిలు ఆగిన పిదప మరల మరల నొక్కి అంచుదాక పోసినచో ద్రవమే ఆ డబ్బాలోనికి పోయి బొగ్గును చెడగొట్టును.

ఈ పరీక్షలను ఆరుబయట, ఇంజను చల్లారిన పిదప చేయవలెను. పెట్రోలు సుమారు -40 డిగ్రీల సెంటిగ్రేడు చలిలోనే నిప్పంటుకొనదగినంత ఆవిరి నిచ్చును. ఆ ఆవిరి గాలికంటె బరువైనది. అది పైకెగిరిపోక నేలబారున ప్రాకి, దూరముననున్న దీపమునుగాని పొయ్యినిగాని చేరగలదు.