బెంగళూరు కన్నా ముందే టీవీ చూసిన రాయచూరు

బెంగళూరులో దూరదర్శన్ 1981లో మొదలైంది. రాయచూరు జిల్లా పల్లెలు అంతకు ఆరేళ్ల ముందే టీవీ చూశాయి. నాసా వారి ఏటీఎస్-6 ఉపగ్రహాన్ని ఏడాదిపాటు తీసుకుని ఇస్రో చేసిన సైట్ (ఉపగ్రహ టీవీ బోధన) ప్రయోగం 1975 ఆగస్టు 1న ఆరంభమైంది. ఆరు రాష్ట్రాల్లో సుమారు 2,400 గ్రామాలను ఎంచుకుంటే కర్ణాటక వంతులో బిజాపూర్, గుల్బర్గాతో పాటు రాయచూరుకూ చోటు దక్కింది. ఇనుప జాలీతో కట్టిన గొడుగులాంటి యాంటెన్నా, దాని కింద ఊరందరికీ ఒకే టీవీ. సేద్యం, ఆరోగ్యం, పిల్లల పాఠాలు చూపేవారు. ప్రసార భాషల్లో కన్నడ, తెలుగు రెండూ ఉన్నాయి. నెలబిల్లు లేదు, నచ్చింది పెట్టుకునే వీలూ లేదు. 1976 జూలై 31తో ఆ ముచ్చట ముగిసింది.

1977లో గుల్బర్గాకు ట్రాన్స్‌మిటర్ వచ్చింది. 1982లో రంగులు, 1987లో ఆదివారం రామాయణం. అప్పటికి టీవీ ఊరుమ్మడి నుంచి ఇంటి సొత్తుగా మారుతోంది. అయితే దూరదర్శన్ భాష రాష్ట్రాన్ని బట్టి నడిచేది. రాయచూరు సంగతి వేరు. 1956 దాకా అది హైదరాబాద్ రాష్ట్రంలోని జిల్లా. తుంగభద్ర ఎడమ కాలువ నీళ్లు పారాక కోస్తా ఆంధ్ర రైతులు వచ్చి సింధనూరు, మాన్వి తాలూకాల్లో ‘క్యాంపులు’ కట్టుకున్నారు. వీధిలో కన్నడ, వంటింట్లో తెలుగు.

ఈ రెండు భాషల ఇంటి అవసరం తీర్చింది కేబుల్. 1991లో స్టార్, 1994లో కన్నడ ఉదయ, 1995లో తెలుగు ఈటీవీ, జెమిని. ఉపగ్రహానికి రాష్ట్ర సరిహద్దు లేదు. కేబుల్ ఆపరేటరు మిద్దె మీద డిష్, గదిలో నాలుగు రిసీవర్ పెట్టెలు, కరెంటు స్తంభాల మీదుగా లాగిన నల్ల వైరు ఉంటే చాలు, ఉదయ, ఈటీవీ ఒకే తీగ మీద ఇంట్లోకి వచ్చేవి. ఏ చానెల్ పెట్టాలో వీధివాళ్లు చెబితే ఆపరేటరు పెట్టేవాడు. బిల్లు అడగడానికి వచ్చేవాడూ, బొమ్మ రాకపోతే తిట్లు తినేవాడూ అతనే. 1995 నాటి కేబుల్ చట్టం ఈ వ్యాపారానికి రిజిస్ట్రేషన్ తెచ్చింది.

కానీ ఆపరేటరు చెప్పే కనెక్షన్ల లెక్కను చానెళ్లవాళ్లు నమ్మేవారు కాదు. ఆ లెక్క తేల్చడానికి సెట్ టాప్ బాక్స్ తప్పనిసరైంది. పల్లెలకు వర్తించే ఆఖరి విడత గడువు 2017 మార్చి 31. తరువాత 2019 ఫిబ్రవరిలో టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ కొత్త ధరల పద్ధతి అమల్లోకి వచ్చింది. అప్పట్లో వంద చానెళ్ల వరకు కనీస రుసుము 130 రూపాయలు, పన్నుతో 153.40. పే చానెళ్లకు విడిగా కట్టాలి. ఎవరికి నచ్చింది వారు కొనుక్కోవడం న్యాయమే. కానీ పిల్లలు కన్నడ, పెద్దలు తెలుగు చూసే ఇంటికి రెండు బొకేలు (చానెళ్ల కట్టలు) కావాల్సి వచ్చాయి. అంతకాలం కలిసి వచ్చిన భాషలకు వేర్వేరు ధరలు పడ్డాయి.

సరిగ్గా ఆ వేళకు ఫోన్ సిద్ధంగా ఉంది. 2016 సెప్టెంబరులో జియో రావడంతో డేటా చవకైంది. 2020లో తెలుగు కోసమే ‘ఆహా’ యాప్ వచ్చింది. అదే ఏడాది లాక్‌డౌన్ జనాన్ని ఇంట్లో కూర్చోబెట్టింది. 2022లో ఐపీఎల్ హక్కుల వేలంలో భారత ఉపఖండపు డిజిటల్ ప్రసారాలకు 23,758 కోట్లు పలికితే, టీవీకి 23,575 కోట్లు పలికాయి. మరుసటి ఏడాది జియోసినిమా ఆ మ్యాచ్‌లను ఉచితంగా చూపింది. దేశంలో డబ్బు కట్టి చూసే డీటీహెచ్ (ఇంటి డిష్) కనెక్షన్లు 2020లో సుమారు 7 కోట్లు. 2025 మార్చికి అవి 5.7 కోట్లకు దిగాయి.

అలాగని తెరలన్నీ ప్రేక్షకుడి చేతికే వచ్చేశాయని మురిసిపోనక్కర్లేదు. 2025 ఫిబ్రవరిలో రెండు పెద్ద యాప్‌లు కలిసి జియోహాట్‌స్టార్ అయ్యాయి. చానెళ్ల బొకే వద్దన్నవారికి ఇప్పుడు యాప్‌ల బొకే అంటగడుతున్నారు. వైఫై ఉన్నా, మొబైల్ డేటా అయినా రీఛార్జి ఖర్చు తప్పదు.

యాభై ఏళ్లలో రాయచూరు ఊరికొక టీవీ చూసింది, ఇంటికొకటి చూసింది, మనిషికొకటి చూస్తోంది. చానెళ్లు అమ్మి బతికిన ఆపరేటరుకు ఇక మిగిలే బేరం ఇంటర్నెట్ తీగే. నల్ల వైరు స్థానంలో ఫైబర్ లాగినవాడు నిలుస్తాడు, లాగనివాడు ఈ దశాబ్దం దాటడం కష్టం.