యాభై పౌన్ల ఓటు

పురుళ్ళకీ పుణ్యాలకీ అమెరికా వెళ్ళొచ్చే తల్లుల్లో నేనూ ఒకతెను. మా అమ్మాయి న్యూజెర్సీలో ఉంటుంది. మొదటిసారి పురుడు పొయ్యడానికి వెళ్ళాను, రెండోసారి మనవరాలి అక్షరాభ్యాసానికి. మూడోసారి మాత్రం పనేమీ లేకుండా వెళ్ళాను. పనిలేని మనిషికి ఆ దేశంలో పొద్దు గడవడం ఎంత కష్టమో వెళ్ళొచ్చినవాళ్ళకి చెప్పక్కర్లేదు. పగలల్లా ఇంట్లో ఎవరూ ఉండరు. కిటికీలోంచి చూస్తే కార్లే గాని మనిషి జాడ కనిపించదు. నా అవస్థ చూసి మా అల్లుడు రోజూ ఆఫీసుకి వెళ్తూ వెళ్తూ నన్ను ఊళ్ళో లైబ్రరీ దగ్గర దింపేసేవాడు. అక్కడ కాలక్షేపానికి ఆ రాష్ట్రం చరిత్ర పుస్తకం ఒకటి తీశాను. సాయంత్రం అతనొచ్చి, “అత్తయ్యగారూ, వెళ్దామా?” అనేదాకా తలెత్తలేదు.

అందులో ఏముందంటే, 1776లోనే ఆ న్యూజెర్సీలో ఆడవాళ్ళకి ఓటుండేదిట. ఉండేది, పోయింది!

ఓటు లేకపోవడం మనం విన్నాం. పోరాడి తెచ్చుకోవడమూ విన్నాం. చేతికొచ్చిన ఓటు, ముప్ఫై ఏళ్ళు వాడుకున్న ఓటు, పోవడమేమిటి? ఆ సంగతి తేలేదాకా నాకు కాఫీ కూడా రుచించలేదంటే నమ్మండి.

1776 అంటే అమెరికా వాళ్ళు ఇంగ్లండు రాజుని కాదని తిరగబడ్డ సంవత్సరం. అప్పటికి అవి పదమూడు వలస రాజ్యాలు. ఎవరి రాజ్యాంగం వాళ్ళు హడావిడిగా రాసుకుంటున్నారు. సముద్రం మీద ఇంగ్లీషు నౌకాదళం వచ్చి నిలబడింది, తీరిగ్గా కూచుని మాటలు చెక్కే వ్యవధి ఎవరికుంది? న్యూజెర్సీ వాళ్ళు జూలై 2న, అంటే దేశం మొత్తం స్వాతంత్ర్య ప్రకటనకి సరిగ్గా రెండు రోజుల ముందు, తమ రాజ్యాంగాన్ని ఆమోదించారు. అందులో ఓటు ఎవరికన్న చోట, వయసొచ్చిన వాళ్ళై, యాభై పౌన్ల సొంత ఆస్తి ఉండి, ఏడాదిపాటు అక్కడ కాపురమున్న ‘నివాసులందరికీ’ అని రాశారు. పురుషులకి అనలేదు, తెల్లవాళ్ళకి అనలేదు. ఏమరుపాటున అలా పడిందా, కావాలనే రాశారా అని చరిత్రకారులు ఇప్పటికీ వాదించుకుంటూనే ఉన్నారు.

ఆ సంవత్సరమే మార్చి 31న, మసాచుసెట్స్ నుంచి ఎబిగెయిల్ ఆడమ్స్ అనే ఇల్లాలు తన భర్తకి ఉత్తరం రాసింది. ఆయన జాన్ ఆడమ్స్, దేశ నాయకుల్లో ఒకడు. కొత్త చట్టాలు రాస్తున్నారు కదా, ఆడవాళ్ళని కాస్త గుర్తుంచుకోండి, మొగుళ్ళ చేతికి అంతులేని అధికారం ఇవ్వకండి అని ఆవిడ మనవి. నవ్వు ఆపుకోలేకపోయానని ఆయన జవాబు. (ఇలాంటి జవాబులు మనమూ విన్నవే గనక ఎక్కువ వివరించను.) భార్య మాటకి ఆయనగారు నవ్వుకున్న మూడు నెలలకే, ఇటు న్యూజెర్సీలో ఆ ఒక్క మాటతో తలుపు తెరుచుకుంది.

తలుపు తెరిచారు గాని గడప మీద యాభై పౌన్లు పెట్టారు. ఆనాటి ఇంగ్లీషు న్యాయం ప్రకారం పెళ్ళైతే ఆడదాని సొమ్ము భర్త సొమ్మే. పుట్టింటి డబ్బైనా, మంచం కుర్చీ అయినా, ఆవిడ కష్టార్జితమైనా అంతే. భూమి ఆవిడ పేరున ఉన్నా పెత్తనం ఆయనది. మనకి పేరుకైనా స్త్రీధనమని ఒక మాట ఉంది, వాళ్ళకి అదీ లేదు. అందువల్ల ఓటు దక్కింది ఎవరికయ్యా అంటే పెళ్ళికాని ఆడవాళ్ళకీ, భర్త పోయినవాళ్ళకీ. ముత్తైదువలకి లేని హక్కు విధవలకుండడం లోకంలో ఎక్కడైనా విన్నారా? అన్నట్టు, మన మద్రాసు ప్రెసిడెన్సీలో 1921లో ఆడవాళ్ళకి మొదటిసారి ఓటిచ్చినప్పుడూ ఆస్తో, పన్నో చూపించిన వాళ్ళకే ఇచ్చారు.

మొదట్లో ఎంతమంది వెళ్ళి ఓటేశారో తెలియదు గాని, 1790లో ఎన్నికల చట్టం రాసేటప్పుడు ఏడు జిల్లాలకి సంబంధించినంతవరకు ఓటరుని గురించి ‘అతడు లేక ఆమె’ అని రాశారు. 1797లో అదే మాట రాష్ట్రమంతటికీ వర్తింపజేశారు. ఏమరుపాటు అనే వాదానికి ఇక్కడ నాకు నమ్మకం పోయింది. ఒకసారి ‘నివాసులు’ అని చేయి జారి రాయొచ్చు. ‘ఆమె’ అని చేయి జారి ఎవరు రాస్తారు?

ఈ లోపల దేశంలో పార్టీలు పుట్టాయి. ఒక పక్క ఫెడరలిస్టులు, ఇంకో పక్క జెఫర్సన్ గారి రిపబ్లికన్లు. 1797లో ఎలిజబెత్ టౌన్ ఫెడరలిస్టు విలియం క్రేన్‌కీ, నెవార్క్ రిపబ్లికన్ జాన్ కాండిట్‌కీ శాసనసభ సీటుకి పోటీ పడింది. మనవాళ్ళు విమానం దిగే నెవార్క్ ఎయిర్‌పోర్టుందే, అది సగం ఆ ఊళ్ళోదీ, సగం ఈ ఊళ్ళోదీ. ఎలిజబెత్ టౌన్ ఇప్పుడు ఎలిజబెత్ అయింది. నేను మూడుసార్లు దిగాను గాని, అన్నదమ్ముల్లాంటి ఆ రెండూళ్ళ మధ్య ఇంత పగ నడిచిందని నాకేం తెలుసు? ఇంక గంటలో పోలింగు ముగుస్తుందనగా ఎలిజబెత్ టౌన్ ఆడవాళ్ళు డెబ్భై అయిదు మంది వచ్చి క్రేన్‌కి ఓటేశారుట. కాండిట్ నెగ్గాడు గాని, అతి స్వల్ప తేడాతో. ఇక నెవార్క్ పత్రిక ఊరుకుంటుందా? ఆడవాళ్ళ ఓటు మీద ఎగతాళి పాట ఒకటి అచ్చేసింది.

ఏ మాటకామాటే చెప్పుకోవాలి. ఎగతాళి చేస్తూనే రెండు పార్టీలవాళ్ళూ ఆడ ఓటర్లని బండ్లు కట్టి మరీ తీసుకెళ్ళేవారు. ఓటు తమకి పడితే అది స్వాతంత్ర్య ప్రియత్వం, అవతలివాడికి పడితే ఆడదానికి లోకజ్ఞానం లేకపోవడం!

అదే 1797లో మన ఎబిగెయిల్ అధ్యక్షుడి భార్య అయింది. మా రాష్ట్రానికీ న్యూజెర్సీ లాంటి రాజ్యాంగముంటే నేనూ తప్పకుండా ఓటేసి ఉండేదాన్నని చెల్లెలికో అక్కకో రాసిన ఉత్తరాల్లో ఒకచోట అంటుంది. మేరీ క్రాంచ్ అని, పెద్దావిడే లెండి, అక్కే. దేశాధ్యక్షుడి ఇల్లాలికి లేని భాగ్యం ఇక్కడి పల్లెటూరి వితంతువుకి ఉండేదన్నమాట.

తరవాత 1807 వచ్చింది. జిల్లాకి కొత్త కోర్టు భవనం కట్టాలి. నెవార్క్‌లో కట్టాలా, ఎలిజబెత్ టౌన్ వైపు కట్టాలా? ఓట్లు పెట్టారు. కోర్టు ఎక్కడుంటే వ్యాపారం అక్కడ, పరపతి అక్కడ. ఊళ్ళో ఉన్న ఓటర్లకంటే పెట్టెల్లో పడ్డ ఓట్లు చాలా ఎక్కువైపోయాయి. ఒక్కొక్కరు రెండేసి మూడేసి సార్లు వేశారు. ఆస్తి లేని కుర్రాళ్ళు వేశారు. పెళ్ళైన ఆడవాళ్ళూ వేశారు. మగవాళ్ళు గౌన్లు తొడుక్కుని ఆడవేషంలో వచ్చి మళ్ళీ వేశారనీ చెప్పుకున్నారు. భామాకలాపం ఆడిన దేశం మనది, మగవాడు ఆడవేషం కట్టడం మనకి కొత్త కాదు. కాకపోతే మనవాళ్ళు కళ కోసం కట్టారు. చివరికి ఆ ఎన్నిక చెల్లదని శాసనసభ కొట్టేసింది.

కొట్టేసి ఊరుకుందా? దొంగ ఓట్లు అరికట్టే చట్టమని ఆ నవంబరులోనే ఒకటి తెచ్చింది. ఇక మీదట ఓటు స్వేచ్ఛ గల, తెల్ల జాతి, మగ పౌరుడికే. రాష్ట్రం క్షేమానికీ, శాంతికీ, మర్యాదకీ ఇది అవసరమని పీఠికలో రాశారు. గౌను తొడుక్కున్నవాడి ఓటు భద్రంగా ఉంది. గౌను సొంతమైన వాళ్ళ ఓటు పోయింది. ఆస్తి సంపాదించుకున్న స్వతంత్ర నల్లవారి ఓటూ దానితోనే పోయింది. ఇంకో చమత్కారం చూడండి. పన్ను కట్టే తెల్ల మగవాడైతే చాలు, యాభై పౌన్లున్నట్టే లెక్క అని అదే చట్టంలో చేర్చారు. బీదవాడికి హక్కు రావడం మంచిదే, ఎవరు కాదంటారు? కాని ఒక చేత్తో పేద మగవాడికి వడ్డిస్తూ, రెండో చేత్తో కలిగిన ఆడదాని విస్తరి లాగేశారు. రాజ్యాంగం మార్చను కూడా లేదు, మామూలు చట్టంతోనే పని జరిగిపోయింది.

పెద్ద గొడవ జరిగినట్టు పుస్తకంలో లేదు. పేజీలు వెనక్కీ ముందుకీ తిప్పి చూశాను. బండ్లు కట్టించిన రెండు పార్టీల్లో ఎవరూ ఈ ఆడవాళ్ళ పక్కన నిలబడి పట్టుబట్టలేదు. నన్ను అన్నిటికంటే బాధపెట్టింది ఇదే.

యాభై ఏళ్ళకి లూసీ స్టోన్ అనే ఆవిడ నెవార్క్ పక్కనే ఉన్న ఆరెంజ్ అనే ఊళ్ళో కాపురముంటూ, ఓటు లేనిదాన్ని ఇంటి పన్ను ఎందుకు కట్టాలని ఎదురు తిరిగింది. 1858 జనవరిలో ఆవిడ బల్లలూ కుర్చీలూ వేలం వేశారు. 1868లో వైన్‌లాండ్ అనే ఊళ్ళో 172 మంది ఆడవాళ్ళు సొంతంగా ఒక పెట్టె తెచ్చుకుని ఓట్లు వేశారు. లెక్కపెట్టేవాళ్ళు ఆ ఓట్లు కలపలేదు. పోయిన ఓటు 1920లో దేశమంతటితో పాటు తిరిగొచ్చింది. నూట పదమూడేళ్ళు!

ఇదంతా రాత్రి భోజనాల దగ్గర చెప్తే మా అమ్మాయి కంప్యూటరు తెచ్చి ఇంకో సంగతి చూపించింది. ఫిలడెల్ఫియాలో అమెరికన్ విప్లవం మ్యూజియం వాళ్ళు పాత ఓటర్ల పట్టీలు వెతికి తీసి 2020లో ప్రదర్శన పెట్టారు. ఆనాడు ఓటేసిన ఆడవాళ్ళ పేర్లు నూట అరవై మూడు దొరికాయిట. 1801లో మాంట్‌గొమరీ అనే ఊరి పట్టీలో 343 పేర్లుంటే కనీసం 46 ఆడవాళ్ళవి. మగవాళ్ళ పేర్ల మధ్యనే, అదే సిరాతో, వరసలో వచ్చినవాళ్ళు వచ్చినట్టుగా రాసుకున్నారు. ఫలానావారి భార్య అనో, ఫలానావారి తల్లి అనో కాదు, సొంత పేర్లు. 1951-52లో మన మొదటి ఎన్నికలప్పుడు ఉత్తరాదిని లక్షలమంది ఆడవాళ్ళు పరాయివాళ్ళకి పేరు చెప్పడం ఇష్టంలేక ఫలానావారి భార్యగానే నమోదైతే, పేరు లేదని దాదాపు 28 లక్షలమందిని జాబితాలోంచి తీసెయ్యాల్సి వచ్చింది.

“మరి నువ్వెప్పుడేస్తావే ఇక్కడ?” అన్నాను.

“నాకెక్కడిదమ్మా? పౌరసత్వం రావాలిగా. ఇంకా గ్రీన్‌కార్డే రాలేదు.”

పన్నెండేళ్ళనించీ ఉంటోంది. పన్ను కడుతోంది. ఇల్లు ఇద్దరి పేరా ఉంది. 1776లో రాసిన ఆ ‘నివాసులు’ అన్న మాట అలాగే ఉండనిస్తే నీకూ ఉండేదే కదే అన్నాను, కాస్త ఉక్రోషంగానే.

అది గిన్నెలు సర్దుతూ నవ్వింది. “అప్పుడూ ఉండేది కాదులే అమ్మా. పెళ్ళి చేశారుగా నాకు!”