తెలుగు కీబోర్డు: రెండు రూపకల్పనలు, ఇద్దరు వాడుకరులు

ప్రతి యంత్ర రూపకల్పన వెనుకా ఒక ఊహాత్మక వాడుకరి ఉంటాడు. అతని చదువు, భాష, పని పరిస్థితులను రూపకర్త ముందే ఊహించుకుంటాడు. యంత్రంతో మనిషి వ్యవహారాన్ని అది జరిగే సందర్భం నుంచి విడదీసి అర్థం చేసుకోలేమని, ఫొటోకాపీ యంత్రాల వాడకాన్ని పరిశీలించిన లూసీ సచ్‌మన్ 1987లో వెలువరించిన గ్రంథంలో ప్రతిపాదించారు. ఈ దృష్టిని తెలుగు కీబోర్డు చరిత్రకు అన్వయించడం ఈ వ్యాసం ఉద్దేశం.

కేంద్ర ప్రభుత్వ ఎలక్ట్రానిక్స్ శాఖ 1986లో ప్రమాణీకరించిన ఇన్‌స్క్రిప్ట్ వర్ణమాల మీద ఆధారపడింది. అందులో అచ్చులు ఎడమచేతి వైపు, హల్లులు ప్రధానంగా కుడిచేతి వైపు ఉంటాయి. క-ఖ, త-థ వంటి జంటలు ఒకే మీటను పంచుకుంటాయి. తెలుగులో ఈ అమరిక నేర్చినవారికి కన్నడంలోనూ, హిందీలోనూ అదే పనికివస్తుంది. ఇక్కడ ఊహించిన వాడుకరి ఓనమాలు దిద్దినవాడు; అతనికి ఆంగ్లంతో పనిలేదు. అయితే బజారులో దొరికే కీబోర్డుల మీద ముద్రితమై ఉన్నవి రోమన్ అక్షరాలే. అందువల్ల శాస్త్రీయమైన అమరిక కూడా ప్రత్యేక శిక్షణ పొందినవారికే ఎక్కువగా పరిమితమైంది.

రెండవ మార్గం ప్రవాసంలో ఏర్పడింది. అమెరికాలోని రైస్ విశ్వవిద్యాలయంలో 1990ల తొలినాళ్లలో ఆర్‌టీఎస్ అనే లిప్యంతరీకరణ పద్ధతి రూపొందింది. తరవాత లేఖిని వంటి ఉపకరణాలు ఈ మార్గాన్నే అనుసరించాయి. ఇందులో చిన్న 'టీ' తకారాన్ని, పెద్ద 'టీ' టకారాన్ని సూచిస్తాయి. చిన్న 'టీ' పక్కన 'హెచ్' చేరితే థకారమవుతుంది. కానీ తెలుగువారు 'లత' అన్న పేరును ఆంగ్లంలో రాసేటప్పుడు తకారానికి 'టీహెచ్' వాడటం పరిపాటి. ఆ అలవాటుతో టైపు చేస్తే తెరమీద 'లథ' కనిపిస్తుంది. నియమంలో దోషం లేదు. సమాజంలో స్థిరపడిన వర్ణక్రమంతో దానికి పొత్తు కుదరలేదు.

ఈ రెండింటిలో ఏది మేలన్నది అసలు ప్రశ్న కాదు. మొదటిది వర్ణమాలను గౌరవించింది గాని చేతికందే వస్తువును లెక్కించలేదు. రెండవది ఆ వస్తువును స్వీకరించింది గాని ఆంగ్లాక్షరాలు తెలియడాన్ని తెలుగు రాతకు అర్హతగా మార్చింది. ఫలితంగా తెలుగు మాత్రమే చదువుకున్న వ్యక్తి తన భాషలో రాయడానికి పరభాష వాకిలి దాటవలసి వచ్చింది. తొలినాటి అంతర్జాల సాహిత్యంలో ఎవరి గొంతు వినిపించింది, ఎవరిది వినిపించలేదు అని విచారించే సాహిత్య చరిత్రకారులు రచనలతోపాటు ఈ మీటలనూ ఆధారాలుగా పరిశీలించవలసి ఉంది.